పొల్యూషన్ పరీక్షలో తప్పిన కారు: కన్వర్టర్ మార్చే ముందు చూడవలసినవి

టీచరు గారూ, మీరు రాసినది నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. ఎక్కడైనా పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీది 2014లో కొన్న పెట్రోల్ కారు. రిజిస్ట్రేషన్ పత్రంలో భారత్ స్టేజ్-4 (బీఎస్-4, బండి పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లో ఒక మెట్టు) అని ఉంది. ఇప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. అమలాపురం దగ్గరి మీ ఊరి నుంచి రోజూ బడికి ఐదు కిలోమీటర్లు వెళ్లి రావడం తప్ప ఆ బండికి వేరే పని లేదు. మొన్న పొల్యూషన్ పరీక్షకు తీసుకువెళ్తే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.9 శాతం, హైడ్రోకార్బన్లు 410 పీపీఎం (పది లక్షల్లో 410 భాగాలు) వచ్చాయని తిరస్కరణ చీటీ ఇచ్చారు. పాత సర్టిఫికెట్‌కు ఇంకా పది రోజుల గడువు ఉంది. ఒక షెడ్డులో కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విష వాయువుల హాని తగ్గించే, పొగగొట్టంలోని డబ్బా) పోయిందని ముప్పై వేలకు పైగా చెప్పారు; ఇంకొకరు ట్యాంకులో ఒక సీసా మందు పోస్తే చాలన్నారు; మూడో ఆయన, అసలు బండి తీసుకురాకుండానే పని అయ్యే దారి ఉందని సూచించారు. ఈ మూడింటిలో ఏది మంచిదన్నది మీ ప్రశ్న.

ఇప్పటికి మూడూ వద్దు. రావులపాలెం పరిసరాల్లో ముప్పై ఏళ్లకు పైగా కార్ల షెడ్డు నడిపినవాడిని కనుక ఇంత ధీమాగా చెబుతున్నాను. పరీక్ష తప్పి నా దగ్గరకు వచ్చిన పెట్రోల్ కార్లలో నిజంగా కన్వర్టర్ చచ్చిపోయినవి కొద్దిగానే ఉండేవి. మిగిలినవాటిలో జబ్బు కన్వర్టర్‌కు ముందు ఎక్కడో ఉండేది, లేదా బండి వాడే తీరులో ఉండేది. ఆ జబ్బును వదిలేసి కొత్త కన్వర్టర్ బిగిస్తే, అది కూడా కొంత కాలానికి పాతదాని దారే పడుతుంది.

ముందు అంకెల సంగతి చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 115వ నిబంధన ప్రకారం బీఎస్-4, ఆ తరువాతి పెట్రోల్ కార్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. ఆ తరువాత ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎం (నిమిషానికి 2500 చుట్లు) దగ్గర నిలకడగా ఉంచి రెండోసారి కొలుస్తారు. అక్కడ మోనాక్సైడ్ 0.2 శాతం మించకూడదు, లాంబ్డా అనే అంకె 0.97, 1.03 మధ్య ఉండాలి. బీఎస్-2, బీఎస్-3 కార్లకు ఐడిల్ పరిమితులు 0.5 శాతం, 750 పీపీఎం. దేశమంతటా బీఎస్-4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1 నుంచి మాత్రమే కాబట్టి, 2014 బండి అనగానే బీఎస్-4 అని అనుకోవడానికి లేదు. పత్రంలో చూసి మీరు మంచి పని చేశారు. అయితే మీ బండిని పాత వర్గంలో వేసి చూసినా 0.9 శాతం తప్పేదే కనుక, పరీక్ష చేసినవారు వర్గం తప్పుగా ఎంచుకున్నారన్న ఆశ పెట్టుకోనవసరం లేదు.

చీటీలోని అంకెలను విడివిడిగా కాక కలిపి చదవాలి. మోనాక్సైడ్ అంటే సగం కాలిన పెట్రోల్. ఇంజిన్‌కు అందిన గాలి కంటే పెట్రోల్ ఎక్కువైనప్పుడు అది పెరుగుతుంది. హైడ్రోకార్బన్లు అంటే అసలు కాలని పెట్రోల్. ఒక సిలిండర్‌లో నిప్పు సరిగ్గా పడనప్పుడు, అంటే మిస్‌ఫైర్ ఉన్నప్పుడు, అది పెరుగుతుంది. లాంబ్డా గాలికీ పెట్రోల్‌కూ ఉన్న పొత్తును చెబుతుంది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి; సరిగ్గా అంతే ఉంటే లాంబ్డా 1. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది కనుక ఆ 14.7 కొంత తగ్గుతుంది గాని, లాంబ్డా 1కి ఉన్న అర్థం మారదు. మోనాక్సైడ్ మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు ఒక్కటే పెరిగితే నిప్పు రగిలించే ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిళ్లు, వాల్వుల దగ్గరి టప్పెట్ల గ్యాప్ చూడాలి. రెండూ కలిసి పెరిగి లాంబ్డా 1 కంటే కిందికి దిగితే పెట్రోల్ ఎక్కువ పడుతోందని. రెండూ పెరిగి, లాంబ్డా మాత్రం సరిగ్గా ఉండి, 2500 దగ్గర కూడా అంకెలు దిగకపోతే అప్పుడు కన్వర్టర్‌ను అనుమానించాలి. మీరు ఐడిల్ అంకెలు రెండే రాశారు. కన్వర్టర్ సంగతి తేలాలంటే రెండో కొలత కావాలి. దాన్ని చూడకుండా ముప్పై వేల అంచనా చెప్పడం, నాడి పట్టకుండా ఆపరేషన్‌కు రమ్మన్నట్టుంది.

ఉన్నవి రెండే అంకెలైనా, మీరు రాసిన ఇంకో మాట నాకు చాలా చెప్పింది. రోజుకు ఐదు కిలోమీటర్లు వెళ్లి, బండి ఆపి, సాయంత్రం ఐదు కిలోమీటర్లు రావడం. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటి కొద్ది కిలోమీటర్లు కావాలనే పెట్రోల్ ఎక్కువ తీసుకుంటుంది. అందులో కాలనిది కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. బండి దూరం వెళ్తే ఆయిల్ వేడెక్కి ఆ పెట్రోల్ ఆవిరైపోతుంది. మీ బండికి ఆ అవకాశం రావడం లేదు. కొన్ని నెలలు ఇలా పోగైన తరువాత ఒకనాడు బండి పరీక్షకు వెళ్లి, అక్కడ వరసలో నిలబడి వేడెక్కినప్పుడు, ఆయిల్‌లోని పెట్రోల్ ఆవిరై క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) గొట్టం గుండా తిరిగి ఇంజిన్‌లోకే వెళ్తుంది. ఇంజెక్టర్లు పోసేది కాక పక్కదారిన వచ్చిన పెట్రోల్ అది. మోనాక్సైడ్ పెరగడానికి అదొక్కటే చాలు. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే, లేదా ఏమీ పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగి ఉంటే, నేను చెబుతున్నది మీ బండి గురించేనని అనుకోవచ్చు. ఆయిల్, ఫిల్టర్ మార్చించండి. ఆ ఖర్చు ఎలాగూ వృథా కాదు.

ఆయిల్ మార్చాక బండిని ఒక రోజు దూరం తిప్పాలి. అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా వచ్చే దారి ఇందుకు చాలదు. అడుగడుగునా ఊళ్లు, వంతెనలు, కొబ్బరి లారీలు ఉంటాయి కనుక బండి రెండో గేరు, మూడో గేరు మధ్యనే ఊగుతుంది. రావులపాలెం వచ్చి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, సిద్ధాంతం వంతెన దాటి తణుకు వరకు వెళ్లి తిరిగి రండి. ఐదో గేరులో వెళ్లగలిగిన చోట నాలుగో గేరులోనే ఉంచి, ఇంజిన్ సుమారు 3000 ఆర్‌పీఎం దగ్గర తిరిగేలా నడపండి. కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటేనే అది సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడికి చేరాలి. మీ బండిలోని కన్వర్టర్ ఎన్ని రోజులుగా ఆ వేడి చూడలేదో. దాని మీద, ప్లగ్గుల మీద, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి కంప్యూటర్‌కు చెప్పేది) ముక్కు మీద పేరుకున్న మసి చాలావరకు ఈ ప్రయాణంలోనే కాలిపోతుంది.

ఆ దారిలో ఒక సంగతి గమనించండి. టెంపరేచర్ ముల్లు సగానికి వచ్చి నిలబడుతోందా, లేక రహదారి మీద గాలి తగలగానే కిందికి జారిపోతోందా? ఇది అడగడానికి కారణం ఉంది. మన వైపు కొందరు మెకానిక్కులకు పాతకాలపు అలవాటు ఒకటి ఉంది: బండి ఒకసారి వేడెక్కిందంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేవరకు కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) పీకి పక్కన పడేసి, "మన ఎండలకు ఇది ఎందుకండీ" అంటారు. కంప్యూటర్ లేని పాత కార్బ్యురేటర్ బండ్లలో అది చెల్లిపోయింది. ఇప్పటి బండ్లలో కంప్యూటర్, కూలెంట్ వేడిని చూసి పెట్రోల్ కొలత నిర్ణయిస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, కంప్యూటర్ దాన్ని ఇంకా చల్లని ఇంజిన్ అనుకుంటూ పెట్రోల్ ఎక్కువ పోయిస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇదే ఫలితం. పరీక్ష తప్పిన ఎన్నో బండ్లను కొద్ది వందల ఖరీదు చేసే ఈ భాగం తిరిగి పెట్టి పాస్ చేయించాను. మీ బండిని ఎప్పుడైనా వేడెక్కిందని షెడ్డుకు ఇచ్చి ఉంటే ఈ మాట తప్పక అడగండి. కూలెంట్ సెన్సర్ పాడైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెట్టి, సెన్సర్ చూపే వేడికీ, నిజమైన వేడికీ పొంతన ఉందో లేదో చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఇక సముద్రం పక్కన ఉండేవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది సైలెన్సర్ తుప్పు. ఉప్పు గాలికి తోడు చెరువు గట్ల మీది తడి రోడ్లు, వానాకాలం బురద కలిసి పొగగొట్టాన్ని కింది నుంచి తినేస్తాయి. వెనక డబ్బా దగ్గర చిల్లు పడితే చప్పుడు వస్తుంది కనుక అందరూ చూస్తారు. ఇంజిన్‌కు దగ్గరగా, ముందున్న అతుకు దగ్గరనో పొగగొట్టం ఇంజిన్‌కు కలిసే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గరనో సన్నని పగులు వస్తే మాత్రం ఎవరి చెవికీ అందదు. చిల్లు నుంచి పొగ బయటికి పోవడమే అందరికీ తెలుసు. కాని పొగ దెబ్బదెబ్బలుగా వస్తుంది కనుక, రెండు దెబ్బల మధ్య ఆ పగులు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ పగులు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఉంటే, సెన్సర్ ఆ గాలిని చూసి "పెట్రోల్ చాలడం లేదు" అని కంప్యూటర్‌కు చెబుతుంది; కంప్యూటర్ పెట్రోల్ పెంచుతుంది; మోనాక్సైడ్ పెరుగుతుంది. సెన్సర్ తరువాత ఉంటే మోనాక్సైడ్ బాగానే ఉండి లాంబ్డా 1.03 దాటి బండి తప్పుతుంది. చూసే పద్ధతి సులువే. తెల్లవారి ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒకరు మందపాటి తడి గోనెతో పొగగొట్టం చివరను కొద్ది క్షణాలు అదిమి పట్టాలి, ఇంకొకరు బానెట్ ఎత్తి, తరువాత బండి పక్కన వంగి వినాలి. ఎక్కడైనా బుసబుసమంటే అక్కడ సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వస్తాయి. ఇంజిన్ వేడెక్కిన తరువాత ఈ పని చేయవద్దు, చేతులు కాలుతాయి. మూసిన గ్యారేజీలో అసలే చేయవద్దు.

ఎలుకల సంగతి రాయకపోతే ఈ సమాధానం మన ప్రాంతానిది కాదు. కోతలు అయ్యాక చేలలో తిండి తగ్గి అవి ఇళ్ల వైపు వస్తాయి. రాత్రి వెచ్చగా ఉండే చోటు వాటికి ఇంజిన్ కంటే మంచిది దొరకదు. ఒకసారి పరీక్ష తప్పిన బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే, ఫిల్టర్ సగం కొరికేసి, మిగతా సగంలో వరిగడ్డితో, పొట్టుతో కట్టుకున్న గూడు, అందులో నాలుగు పిల్లలు కనిపించాయి. గూడు కంటే కొరికిన తీగ ప్రమాదం. ఆక్సిజన్ సెన్సర్ తీగ తెగితే కంప్యూటర్ గుడ్డిగా పెట్రోల్ పోస్తుంది. ఇంజిన్ దగ్గరి సన్నని వాక్యూమ్ గొట్టం కొరికితే గాలి లెక్క తప్పుతుంది. టార్చి వేసి ఆ తీగలను వాటి కనెక్టర్ల వరకు చూడమనండి. 2022 జులై వరదలో మీ ఇంటి దగ్గర బండి నీళ్లలో నిలబడి ఉంటే ఆ కనెక్టర్లు విప్పి, లోపల పచ్చగా చిలుము పట్టిందేమో కూడా చూడాలి.

స్పార్క్ ప్లగ్గులు మార్చి చాలా కాలమై ఉంటే మార్చండి, పెద్ద ఖర్చు కాదు. ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే. అయితే దాని మీద అతి ఆశ వద్దు. కార్బ్యురేటర్ రోజుల్లో మూసుకుపోయిన ఫిల్టరే మోనాక్సైడ్‌కు మొదటి ముద్దాయి. ఇప్పటి బండ్లలో గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోల్ కూడా తగ్గిస్తుంది కనుక, మరీ దారుణంగా ఉంటే తప్ప అది ఒక్కటే బండిని తప్పించదు. ఊళ్లో కొట్టు దగ్గర సీసాల్లో అమ్మే పెట్రోల్ మాత్రం పరీక్షకు ముందు పోయించుకోవద్దు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పిల్లలు ఇంటి దగ్గర వదిలి, సంక్రాంతికి వచ్చి తీసే బండ్లు ఉంటాయి కదా, వాటిలో నెలల తరబడి నిలిచిన ఇథనాల్ పెట్రోల్ మన తేమకు నీరు పీల్చుకుని ఉంటుంది. వాటిని కొత్త పెట్రోల్ నింపి తిప్పకుండా పరీక్షకు తీసుకువెళ్లడం దండగ.

ట్యాంకులో పోసే మందు గురించి అడిగారు. ఇంజెక్టర్ల మీద పేరుకున్న జిగురును కరిగించే మంచి మందులు ఉన్నాయి. ఒక ట్యాంకు పెట్రోల్ పూర్తిగా అయిపోయేవరకు నడిపితే కొంత గుణం కనిపిస్తుంది. పరీక్షకు వెళ్తూ దారిలో పోస్తే ఏమీ జరగదు, చచ్చిన కన్వర్టర్‌కు ఏ సీసా మందూ ప్రాణం పోయదు. మీరు అంతగా పోయదలచుకుంటే తణుకు ప్రయాణానికి ముందు పోయండి.

ఇవన్నీ చూశాక కూడా రెండు కొలతల్లోనూ అంకెలు దిగకపోతే అప్పుడు కన్వర్టర్ మాట. రబ్బరు సుత్తితో మెల్లగా తడితే లోపల గలగలమంటే పింగాణీ తేనెపట్టు విరిగిందని అర్థం. వేడి కొలిచే గన్‌తో ముందూ వెనకా చూసి తేడా లేకపోతే పోయిందని కొందరు తీర్పు ఇస్తారు. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే కన్వర్టర్‌లో కాలవలసిన సరుకే తక్కువ కనుక తేడా కూడా తక్కువే ఉంటుంది, ఆ ఒక్క పరీక్షను నేను నమ్మను. మార్చవలసి వస్తే పాతదాన్ని మీకు చూపించి, తిరిగి ఇమ్మనండి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. తుక్కుగా దానికి మంచి ధర ఉంది. సగం ధరకు వచ్చే కన్వర్టర్లలో ఆ లోహాల పూత ఎంత ఉంటుందో మీరే ఊహించవచ్చు.

బండి లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామన్న దారి గురించి ఎక్కువ రాయను. నంబరు ప్లేటుతో బండి ఫొటో ఎక్కించాలి, మీ ఫోనుకు ఓటీపీ రావాలి, ఆ వివరాలు ప్రభుత్వ వాహన రికార్డు అయిన వాహన్‌లో ఉంటాయి. తరువాత ఇబ్బంది వస్తే మీ పేరు మీదికే వస్తుంది. సర్టిఫికెట్ ఉన్నా పొగ మీద అనుమానం వస్తే 116వ నిబంధన కింద అధికారులు మళ్లీ పరీక్షకు పంపవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరిన బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్‌లో 2019 సవరణ తరువాత పది వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు వాడకుండా అనర్హత ఉన్నాయి. వాటికంటే ముందు, 0.9 శాతం మోనాక్సైడ్ అంటే రోజూ మీ డబ్బుతో కొన్న పెట్రోల్ సగం కాలి గాలిలో పోతోందని గుర్తు పెట్టుకోండి.

పరీక్ష రోజున బండిని ఇంటి నుంచి నేరుగా తీసుకువెళ్లవద్దు. ముందు ఇరవై కిలోమీటర్లయినా నడపండి. వరసలో ఉన్నప్పుడు ఇంజిన్ ఆపవద్దు, అలాగని అరగంట ఐడిల్‌లోనూ ఉంచవద్దు, కన్వర్టర్ చల్లారుతుంది. మీ వంతు వస్తుండగా రెండు మూడు నిమిషాలు 2500 దగ్గర పట్టి ఉంచండి. ఏసీ, లైట్లు ఆపండి. గొట్టంలో పెట్టే ప్రోబ్ కనీసం 30 సెంటీమీటర్లు లోపలికి వెళ్లాలి; అంచున పెడితే బయటి గాలి కలిసి లాంబ్డా తప్పుతుంది, మర్యాదగా చెప్పి సరిగ్గా పెట్టించుకోండి. స్కానర్ పెట్టి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చెరిపించినా, బ్యాటరీ తీసి పెట్టినా అదే రోజు పరీక్షకు వెళ్లవద్దు. కంప్యూటర్ నేర్చుకున్న పెట్రోల్ కొలతలు పోతాయి, అవి మళ్లీ కుదరడానికి కొన్ని పదుల కిలోమీటర్లు నడవాలి. ఈసారి 2500 దగ్గరి మోనాక్సైడ్, లాంబ్డా రెండూ రాసుకుని నాకు పంపండి, పాసైనా సరే.

చివరన మీ మరిది గారి 2011 డీజిల్ బండి గురించి అడిగారు. దాని పరీక్ష వేరు: న్యూట్రల్‌లో యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కి, పొగ ఎంత చిక్కగా ఉందో స్మోక్ మీటర్‌తో చూస్తారు, బీఎస్-4కు ముందువాటికి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనపు కొలత), బీఎస్-4కు 50 వరకు అనుమతి ఉంది. ఆయిల్ కనీసం 60 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. నల్ల పొగకు మసితో మూసుకున్న ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే కవాటం), పగిలిన ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చే భాగం) గొట్టం, అరిగిన ఇంజెక్టర్లు ముఖ్య కారణాలు, ఈ వరసలోనే చూడాలి. ఇక్కడ ఎయిర్ ఫిల్టర్ నిజంగానే పెద్ద ముద్దాయి. అయితే వీటన్నిటికంటే ముందు అడగవలసినది ఇంకొకటి ఉంది. ఆ పరీక్షలో ఇంజిన్ గరిష్ఠ వేగానికి మళ్లీ మళ్లీ దూకుతుంది. వాల్వులను వేళకు తెరిపించి మూయించే టైమింగ్ బెల్ట్ పాతదైతే అలాంటప్పుడే తెగుతుంది, తెగితే వాల్వులు వంగి ఇంజిన్ పోతుంది. ఆయన బండికి బెల్ట్ ఉంటే, దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చారో తెలిసేవరకు ఆ బండిని పరీక్షకు పంపవద్దు.